ఒకే పేట, వందేళ్లు, పది నాటకాలు: ఆగస్ట్ విల్సన్ పట్టుదల వెనక ఏముంది?

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. 1970లలో కట్టిన ఆ గుడికి పక్క రాష్ట్రాల నుంచి కూడా కార్లు వేసుకుని వెళ్తారు. అదే నగరంలో, డౌన్‌టౌన్‌ను ఆనుకుని ఉన్న గుట్ట మీద హిల్ డిస్ట్రిక్ట్ అనే పాత పేట ఉంది. అక్కడివాళ్లు దాన్ని ‘ది హిల్’ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో నల్లజాతి అమెరికన్లు ఎలా బతికారో ఒక్కో దశాబ్దానికి ఒక్కో నాటకంగా చెప్పిన రచయిత ఒకాయన ఉన్నాడు. ఆ పది నాటకాల్లో తొమ్మిది ఆ గుట్ట మీదే జరుగుతాయి. ఆయన పేరు ఆగస్ట్ విల్సన్.

విల్సన్ గురించి చదవడం మొదలుపెట్టిన ఎవరికైనా కొన్ని విషయాలు ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపిస్తాయి. తండ్రి తెల్లవాడు, కానీ ఈయన తనను నల్లజాతి రచయితగా తప్ప ఇంకోలా చెప్పుకోలేదు. పదో తరగతిలో బడి మానేశాడు, కానీ రెండు పులిట్జర్ బహుమతులు వచ్చాయి. పేట వదిలి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం వెళ్లాక గానీ పేట మనుషుల మాట రాయలేకపోయాడు. తెల్లవాళ్ల యాజమాన్యంలోని పెద్ద థియేటర్లలోనే పేరు తెచ్చుకున్నాడు, వాటి ముందే నిలబడి వాటిని గట్టిగా ప్రశ్నించాడు. తన నాటకం సినిమాగా రావాలంటే దర్శకుడు నల్లజాతివాడే కావాలని పట్టుబట్టి, బతికుండగా ఆ సినిమా చూడకుండానే పోయాడు.

వీటిని విడివిడిగా చూస్తే మొండితనం అనిపిస్తుంది. నాకు మాత్రం ఇవన్నీ ఒకే చోటికి చేరతాయనిపిస్తుంది. న్యాయంగా రావాల్సిన దాని బదులు అంతకంటే తక్కువది ఏదో చేతిలో పెడితే తీసుకోవాలా, వద్దా? విల్సన్ జీవితంలోనూ నాటకాల్లోనూ పదేపదే వచ్చే ప్రశ్న ఇదే. దాన్ని పట్టుకుంటే మిగతా చిక్కులు చాలావరకు విడిపోతాయి.

వాషింగ్ మెషిన్

విల్సన్ 1945 ఏప్రిల్ 27న పుట్టాడు. అప్పుడు పెట్టిన పేరు ఫ్రెడరిక్ ఆగస్ట్ కిటెల్. తండ్రి జర్మన్ మాట్లాడే వలసదారు, బేకరీ పనివాడు. ఇంటిపట్టున ఉండేది తక్కువ. తల్లి డెయిజీ విల్సన్ కుటుంబం నార్త్ కరోలినా నుంచి వచ్చింది. ఆమె ఇళ్లల్లో పాచిపని చేసి ఆరుగురు పిల్లల్ని పెంచింది. ఆగస్ట్ నాలుగోవాడు. బెడ్‌ఫర్డ్ ఎవెన్యూ 1727 నంబరులో, కిరాణా కొట్టు వెనక రెండు గదుల్లో కాపురం.

తల్లి గురించి విల్సన్ పెద్దయ్యాక కూడా చెప్పుకున్న సంఘటన ఒకటుంది. రేడియోలో ఒక పోటీ పెట్టారు. ఒక ప్రకటన వాక్యం ఏ కంపెనీదో చెప్పాలి, బహుమతి కొత్త వాషింగ్ మెషిన్. డెయిజీ జవాబు చెప్పి గెలిచింది. గెలిచింది నల్లజాతి మనిషి అని తెలిశాక నిర్వాహకుల మాట మారింది. కొత్తదాని బదులు, పాత సామాను అమ్మే ధర్మసంస్థ దుకాణంలో వాడేసిన మెషిన్ తెచ్చుకోమని చీటీ ఇస్తామన్నారు. ఆ రోజుల్లో ఆమె ఇంటిల్లిపాది బట్టలూ చేత్తో ఉతికేది. తీసేసుకో, ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదా అంది స్నేహితురాలు. డెయిజీ వద్దంది. ఏదో ఒకటి ఉండటం ప్రతిసారీ ఏమీ లేకపోవడం కన్నా నయం కాదన్నది ఆమె లెక్క. బట్టలు చేత్తోనే ఉతుకుతూ డబ్బు కూడబెట్టి, చివరికి కొత్త మెషినే కొనుక్కుంది.

ఇది చదివాక విల్సన్ నాటకాల్లోని మనుషులు కొత్తగా కనిపిస్తారు. అందుకే దీన్ని ముందే చెప్పాను.

కొడుక్కి అలాంటి పరీక్ష బడిలో ఎదురైంది. సెంట్రల్ కాథలిక్ హైస్కూల్లో చేరినప్పుడు ఆ తరగతిలో నల్లజాతి పిల్లాడు అతనొక్కడే. డెస్క్ మీద తిట్లు రాసిన చీటీలు పెట్టేవారు. అక్కడ మానేసి, ఒక వృత్తివిద్యా పాఠశాలకి వెళ్లి, అక్కడి నుంచి గ్లాడ్‌స్టోన్ హైస్కూల్‌కి మారాడు. నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసిస్తే, ఇది నీ సొంతం కాదు అన్నాడు టీచరు. నాదేనని రుజువు చేసుకోవడానికి ఆ పిల్లాడు ఒప్పుకోలేదు. బయటికి నడిచాడు, మళ్లీ వెళ్లలేదు. అప్పటికి అతనికి పదిహేనేళ్లు. అమ్మకు తెలియకుండా రోజూ కార్నెగీ లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాడు. చేతికి దొరికిందల్లా చదివాడు. తర్వాత చాలా ఏళ్లకు ఆ లైబ్రరీయే అతనికి హైస్కూల్ డిప్లొమా ఇచ్చింది. లైబ్రరీ ఇచ్చిన డిప్లొమా ఉన్న రచయిత ఇంకొకరు నాకైతే తెలియదు.

పేరు మార్చుకున్న ఏడాది

1965లో మూడు విషయాలు జరిగాయి. తండ్రి చనిపోయాడు. ఇరవై డాలర్లు పెట్టి విల్సన్ సెకండ్‌హ్యాండ్ టైప్‌రైటర్ కొన్నాడు. అక్క కాలేజీ వ్యాసం ఒకటి తను రాసిపెడితే ఆమె ఇచ్చిన డబ్బు అది. పేరు ఆగస్ట్ విల్సన్‌గా మార్చుకున్నాడు, అంటే తల్లి ఇంటిపేరు తీసుకున్నాడు. తండ్రి జాతిని దాచుకోవడానికి చేసిన పనిగా దీన్ని చూడటం తప్పు. తనను పెంచింది ఎవరు, తను మాట్లాడే భాష ఎవరిది, తిన్న అన్నం ఎవరి వంటింట్లోది అనే లెక్కన అతను పేరు ఎంచుకున్నాడు. ఆ లెక్కలో తండ్రికి వాటా చాలా తక్కువ.

అదే ఏడాది ధర్మసంస్థ దుకాణం నుంచి తెచ్చిన పాత గ్రామఫోన్ మీద బెస్సీ స్మిత్ పాడిన బ్లూస్ రికార్డు ఒకటి పెట్టాడు. వరసగా ఇరవై రెండు సార్లు విన్నాడట. తను ఉంటున్న అద్దె గదుల ఇంట్లోని మనుషులు, వీధిలోని ముసలివాళ్లు, వాళ్ల మాటలు, వాళ్ల గొడవలు, అన్నీ ఆ పాటలోనే ఉన్నట్టు అనిపించింది. బ్లూస్ అతని దృష్టిలో కాలక్షేపం పాట కాదు. అచ్చులోకి ఎక్కని జనం తమ ఆలోచననీ చరిత్రనీ దాచుకున్న చోటు. తర్వాత తన రచన మీద నాలుగు ‘బీ’ల ప్రభావం ఉందనేవాడు. బ్లూస్, అర్జెంటీనా కథకుడు బోర్హెస్, కవి నాటకకర్త అమీరి బరాకా, చిత్రకారుడు రొమేర్ బేర్డెన్. వీటిలో బ్లూస్‌దే మొదటి స్థానమని కూడా చెప్పేవాడు.

1968లో రాబ్ పెన్నీ అనే కవితో కలిసి హిల్‌లో బ్లాక్ హొరైజన్ థియేటర్ పెట్టాడు. అప్పటికి విల్సన్ కవిత్వమే రాసేవాడు. దర్శకత్వం చేయడానికి లైబ్రరీలో పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. నాటకం రాయబోతే సంభాషణ కుదరలేదు. పాత్రల చేత ఎలా మాట్లాడిస్తావని పెన్నీని అడిగితే, మాట్లాడించడం మన పని కాదు, వాళ్లు మాట్లాడేది వినడమే అన్నాడట. ఈ మాట అర్థం కావడానికి విల్సన్‌కు పదేళ్లు పట్టింది.

1978లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌కి మారాడు. అక్కడి సైన్స్ మ్యూజియంలో పిల్లలకు చూపించే చిన్న నాటికలు రాసే ఉద్యోగం. చుట్టూ నల్లజాతివాళ్లు చాలా తక్కువ. రోజూ చెవిన పడుతున్నంత కాలం హిల్ మాట అతనికి మామూలు మాట. దానిలో సాహిత్యం ఉందని తోచలేదు, కవిత్వం అంటే ఇంగ్లీషు కవుల్లా రాయడం అనుకున్నాడు. ఆ మాట వినబడని ఊళ్లో అది జ్ఞాపకంలోంచి రావడం మొదలైంది. కాగితం మీద పెడితే ఆ వాక్యాలకు తమ లయ తమకుంది. అలా పుట్టింది ‘జిట్నీ’. లైసెన్సున్న టాక్సీలు హిల్‌లోకి రామంటే, పేటవాళ్లే తమ కార్లను అద్దెకు తిప్పుకునేవారు. అలాంటి ఒక స్టాండులో 1977లో జరిగే కథ అది.

పది నాటకాల పథకం ఎప్పుడు పుట్టింది?

చాలామంది అనుకునేట్టు విల్సన్ మొదటి రోజే వందేళ్ల పటం గీసుకుని కూర్చోలేదు. ‘జిట్నీ’ 1977లో, తర్వాత రాసిన ఒక నాటకం 1941లో, ఆ తర్వాతి ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ 1927లో జరుగుతాయి. మూడు రాశాక వెనక్కి తిరిగి చూసుకుంటే మూడూ మూడు దశాబ్దాలవి. అప్పుడు తట్టింది, ఇలాగే శతాబ్దమంతా రాస్తే? 1941 నాటి నాటకాన్ని పక్కన పెట్టేసి ఆ దశాబ్దానికి తర్వాత ఇంకొకటి రాశాడు.

అందుకే కథాకాలం వరుస వేరు, రాసిన వరుస వేరు. కాలక్రమంలో చూస్తే 1904లో ‘జెమ్ ఆఫ్ ది ఓషన్’, 1911లో ‘జో టర్నర్స్ కమ్ అండ్ గాన్’, 1927లో ‘మా రెయినీ’, 1936లో ‘ది పియానో లెసన్’, 1948లో ‘సెవెన్ గిటార్స్’, 1957లో ‘ఫెన్సెస్’, 1969లో ‘టూ ట్రెయిన్స్ రన్నింగ్’, 1977లో ‘జిట్నీ’, 1985లో ‘కింగ్ హెడ్లీ టూ’, 1997లో ‘రేడియో గోల్ఫ్’. రాసిన వరుసలో చూస్తే శతాబ్దపు మొదటి దశాబ్దం, చివరి దశాబ్దం రెండూ ఆఖరికి వచ్చాయి. ‘మా రెయినీ’ ఒక్కటే షికాగోలో, మిగతావన్నీ హిల్‌లో.

ఈ పథకానికి దారి వేసినవాడు లాయిడ్ రిచర్డ్స్. 1959లో ‘ఎ రెయిజిన్ ఇన్ ది సన్’ నాటకంతో బ్రాడ్‌వే మీద, అంటే న్యూయార్క్‌లోని పెద్ద వాణిజ్య థియేటర్లలో, దర్శకత్వం చేసిన తొలి నల్లజాతి దర్శకుడు ఆయనే. 1980లలో యేల్ యూనివర్సిటీ డ్రామా స్కూల్‌కి డీన్‌గా ఉంటూ, కనెక్టికట్‌లోని యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్‌లో కొత్త రచయితల శిబిరం నడిపేవాడు. ఆ శిబిరం ‘జిట్నీ’తో సహా విల్సన్ పంపిన నాటకాలను తిప్పి పంపింది. 1982లో ‘మా రెయినీ’ని తీసుకుంది. రెండేళ్లకు అది యేల్ మీదుగా బ్రాడ్‌వే చేరింది. విల్సన్‌కు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు.

వాళ్లిద్దరూ కనిపెట్టిన పద్ధతి ఆ రోజుల్లో కొత్త. నాటకం యేల్‌లో మొదలయ్యేది, తర్వాత బోస్టన్, షికాగో, సియాటిల్, శాన్ డియెగో లాంటి ఊళ్లలోని ప్రాంతీయ థియేటర్లకు వెళ్లేది. ప్రతి ఊళ్లోనూ విల్సన్ ప్రేక్షకుల మధ్య కూర్చుని విని, తిరగరాసి, కోసి, అతికించేవాడు. ఇలా ఏడాది, రెండేళ్లు నలిగాక న్యూయార్క్. ఏ ఒక్క నిర్మాత దయ మీదా ఆధారపడకుండా రాతకు సమయం సంపాదించుకున్న ఏర్పాటు అది. లాభాపేక్ష లేని థియేటర్లను బ్రాడ్‌వేకి రిహార్సల్ హాళ్లుగా మార్చారని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ విమర్శకు అర్థం ఉంది. కానీ ఒక నల్లజాతి రచయిత వరసగా సీరియస్ నాటకాలు బ్రాడ్‌వేకి తేవడానికి 1980లలో అంతకంటే తిన్నని దారి కనిపించదు.

హామ్ ఇవ్వాల్సిందే

‘టూ ట్రెయిన్స్ రన్నింగ్’లో హాంబోన్ అనే పాత్ర ఉంది. మతి సరిగా లేని మనిషి. కథ జరిగే హోటల్‌కు ఎదురుగా మాంసం కొట్టు నడిపే లట్జ్ అనే తెల్లవాడు తన కంచెకు రంగు వేయమన్నాడు. బాగా వేస్తే హామ్, అంటే పంది తొడమాంసం, ఇస్తానన్నాడు. వేశాక, కోడితో సరిపెట్టుకోమన్నాడు. హాంబోన్ కోడి తీసుకోలేదు. తొమ్మిదిన్నర ఏళ్లుగా ప్రతి పొద్దునా ఆ కొట్టు ముందుకెళ్లి నా హామ్ నాకు కావాలి అంటాడు. ఆ వాక్యం తప్ప దాదాపు ఇంకేమీ మాట్లాడడు. హోటల్లో కూర్చున్నవాళ్లలో కొందరు పిచ్చి అంటారు. హోలోవే అనే పెద్దాయన మాత్రం, మనందరిలోకీ తెలివైనవాడు ఇతనేనేమో అంటాడు. తెల్లవాడు ఎప్పుడో ఏదో విసిరేస్తాడని ఎదురుచూడకుండా, ఒప్పుకున్నదే కావాలంటున్నాడు కదా! చివరికి హాంబోన్ చనిపోతాడు. స్టెర్లింగ్ అనే కుర్రాడు కొట్టు అద్దం పగలగొట్టి, చేతులకు రక్తంతో, హామ్ తెచ్చి శవపేటికలో పెట్టమంటాడు.

డెయిజీ వద్దన్న పాత వాషింగ్ మెషిన్‌కీ ఈ కోడికీ తేడా లేదు.

ఇక ఏ నాటకం తెరిచినా ఇదే పేచీ. మా రెయినీ పాత తరం బ్లూస్ గాయని. చరిత్రలో నిజంగా ఉన్న మనిషి. రికార్డింగ్ స్టూడియోలో తెల్లవాళ్లకు కావాల్సింది తన గొంతేనని, అది డబ్బాలోకి ఎక్కాక తనతో పనిలేదని ఆమెకు తెలుసు. అందుకే కోకాకోలా తెచ్చేవరకు పాడదు, పని పూర్తయ్యాక కూడా, పాట హక్కును కంపెనీకి ఇచ్చే రిలీజ్ ఫారం మీద వెంటనే సంతకం పెట్టదు. ఆ సంతకం చేసేవరకే ఆమెకు బలం. బ్యాండులోని లెవీ అనే కుర్రాడికి ఆ సంగతి తెలియదు. తన పాటలు కంపెనీ యజమానికి ముందే ఇచ్చేస్తాడు, పాటకు ఐదు డాలర్లు చేతిలో పెడతాడతను. ఆ కోపం యజమాని మీదకు వెళ్లదు. తన బూటు తొక్కిన తోటి వాద్యకారుడి మీదకు కత్తిగా వెళ్తుంది. మొదటిసారి ఈ ముగింపు చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

‘ఫెన్సెస్’లో ట్రాయ్ మాక్సన్ చెత్త ఎత్తే కార్మికుడు. తెల్లవాళ్లే లారీ నడపాలా, మేం వెనక చెత్తే ఎత్తాలా అని అడిగి డ్రైవర్ ఉద్యోగం సాధిస్తాడు. ఒకప్పుడు నల్లవాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్‌లో గొప్ప బేస్‌బాల్ ఆటగాడు. 1947లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు వచ్చి, అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన మేజర్ లీగ్ తలుపు తెరిచేసరికి ఇతనికి వయసైపోయింది. ఈ బాధ కల్పితం కాదు. పిట్స్‌బర్గ్ జట్లలోనే ఆడిన మహా ఆటగాడు జాష్ గిబ్సన్, రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టడానికి మూడు నెలల ముందు, ముప్పై ఐదేళ్లకే చనిపోయాడు. ట్రాయ్ కొడుక్కి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ వచ్చే అవకాశం వస్తుంది. ట్రాయ్ దాన్ని అడ్డుకుంటాడు. కొడుకు మీద ప్రేమ వల్లనా, అసూయ వల్లనా? విల్సన్ తేల్చి చెప్పడు, అదే ఈ నాటకం గొప్పదనం. తనకు జరిగిన అన్యాయం గురించి అంత బాగా మాట్లాడే ఈ మనిషి, భార్య రోజ్‌కు తను చేస్తున్న అన్యాయాన్ని చూడలేడు. పద్దెనిమిదేళ్లు నీ పక్కనే నిలబడ్డాను, నాకు మాత్రం కలలూ కోరికలూ లేవా అని ఆమె నిలదీసే ఘట్టం అమెరికన్ నాటకాల్లోనే అతి బలమైన వాటిల్లో ఒకటి. 1987లో దీనికి పులిట్జర్, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ రెండూ వచ్చాయి. బ్రాడ్‌వేలో తొలి ఏడాదే కోటీ పది లక్షల డాలర్లు వసూలు చేసింది. సంగీతం లేని నాటకానికి అప్పటికి అది రికార్డు.

‘ది పియానో లెసన్’ ఈ ప్రశ్నని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తుంది. రావాల్సింది చేతికొచ్చాక దాన్ని ఏం చేయాలి? బానిసత్వం రోజుల్లో ఒక దొర తన భార్యకు పియానో కొనివ్వడానికి డబ్బు లేక, మనిషిన్నర బానిసల్ని బదులిచ్చాడు. ఒక తల్లి, తొమ్మిదేళ్ల కొడుకు. కొడుకు సగం మనిషి లెక్క. ఆ ఇంట్లో మిగిలిపోయిన తండ్రి వడ్రంగి. భార్యాబిడ్డల ముఖాల్ని, తన వంశం కథనంతటినీ ఆ పియానో మీద చెక్కాడు. తర్వాతి తరం దాన్ని దొర ఇంట్లోంచి ఎత్తుకొచ్చింది, అందుకు ప్రాణాలు పోయాయి. 1936లో ఆ పియానో పిట్స్‌బర్గ్‌లో ఉంటుంది. దాన్ని అమ్మి, తాతముత్తాతలు బానిసలుగా దున్నిన భూమినే కొందామంటాడు బాయ్ విల్లీ. అక్క బెర్నీస్ అమ్మనివ్వదు, వాయించదు కూడా. ఇద్దరిదీ న్యాయమే. ఒకరికి గతం పెట్టుబడి, ఇంకొకరికి సమాధి. బేర్డెన్ గీసిన ఒక చిత్రం చూసి మొదలుపెట్టిన ఈ నాటకం 1990లో విల్సన్‌కు రెండో పులిట్జర్ తెచ్చింది.

ఎస్తేర్ అత్త ఇల్లు

ఈ నాటకాలను కలిపి కుట్టే దారం ఎస్తేర్ అత్త అనే ముసలావిడ. వైలీ ఎవెన్యూ 1839 నంబరులో ఉంటుంది. 1904 నాటకంలో ఆమె వయసు 285 ఏళ్లు. వెనక్కి లెక్కవేస్తే 1619, ఆఫ్రికన్లను ఎక్కించుకున్న ఓడ తొలిసారి వర్జీనియాకు వచ్చిన సంవత్సరం. 1985 నాటకంలో ఆమె 366 ఏళ్ల వయసులో చనిపోతుంది. 1997 నాటకం ‘రేడియో గోల్ఫ్’లో ఆ ఇంటినే కూల్చి అపార్ట్‌మెంట్లు, కాఫీ షాపులు కట్టాలని చూస్తారు. కూల్చబోయేది తెల్లవాళ్లు కాదు. మేయర్ కావాలనుకుంటున్న నల్లజాతి రియల్ ఎస్టేట్ వ్యాపారి.

ఇది ఊహించి రాసిన కూల్చివేత కాదు. 1950లలో పట్టణ పునరుద్ధరణ పేరుతో నగరపాలక యంత్రాంగం దిగువ హిల్‌ను నేలమట్టం చేసింది. దాదాపు 8,000 మంది ఇళ్లు పోయాయి, వందల కొద్దీ వ్యాపారాలు పోయాయి. ఆ స్థలంలో 1961లో సివిక్ అరీనా అనే స్టేడియం తెరిచారు. జాజ్ క్లబ్బులు, దుకాణాలు, బార్బర్ షాపులతో కళకళలాడిన పేట గుండెని కోసి పార్కింగ్ స్థలం చేశారు. విల్సన్ అప్పుడు పిల్లాడు. అందుకే ‘టూ ట్రెయిన్స్’లో హోటల్ యజమాని మెంఫిస్ తన బిల్డింగుకు మున్సిపాలిటీ ఇచ్చే ధర గురించి పోరాడతాడు, ‘జిట్నీ’లో కార్ల స్టాండును మూయించబోతారు. రాళ్లతో కట్టిన పేట పోయింది కాబట్టి, మాటలతో మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఈ సంగతి తెలియకపోతే తొమ్మిది నాటకాలు ఒకే చోట ఎందుకు జరుగుతాయో సగమే అర్థమవుతుంది.

దర్శకుడి గొడవ, ప్రిన్స్‌టన్ ప్రసంగం

‘ఫెన్సెస్’ హక్కులు ఒక పెద్ద హాలీవుడ్ స్టూడియో కొంది. విల్సన్ నల్లజాతి దర్శకుడు కావాలన్నాడు. స్టూడియో పేరున్న తెల్లజాతి దర్శకుల వైపు చూసింది. 1990లో విల్సన్ తన వాదనను పత్రికల్లో రాశాడు. తెల్లవాళ్లకు ప్రతిభ లేదని అతను అనలేదు. ఈ సంస్కృతిలో పుట్టి పెరిగి, దాని బాధ్యత మోసేవాళ్లు కావాలన్నాడు. నల్లజాతివాడైనంత మాత్రాన ఎవరిని పెట్టినా సరేననీ అనలేదు. ఆ పని చేయగల నల్లజాతి దర్శకుల్ని వెతకకుండానే అర్హులు లేరన్న నిర్ణయానికి రావడమే అతనికి కోపం తెప్పించింది. బడిలో నెపోలియన్ వ్యాసం రోజు విన్నది కూడా ఇలాంటి మాటే.

1996 జూన్‌లో ప్రిన్స్‌టన్‌లో దేశంలోని థియేటర్ల ప్రతినిధులందరూ కూడిన సభలో అతను చేసిన ప్రసంగం ఇంకా పెద్ద దుమారం లేపింది. దాని గురించి ఇప్పటికీ సగం సగం మాటలే చెలామణిలో ఉన్నాయి. అతను లేవనెత్తిన అసలు విషయం డబ్బు. దేశంలోని ప్రధాన ప్రాంతీయ థియేటర్ల సంఘంలో 66 సంస్థలుంటే, నల్లజాతివాళ్లు నడిపేది ఒకే ఒక్కటి, న్యూజెర్సీలోని క్రాస్‌రోడ్స్. రెండో విషయం, జాతితో పని లేకుండా పాత్రలివ్వడం అనే పద్ధతి. నల్లజాతి నటులకు తెల్లవాళ్ల నాటకాల్లో తెల్లవాళ్ల పాత్రలిచ్చి సమానత్వం అయిపోయింది అనుకోవడాన్ని తప్పుపట్టాడు. నల్లజాతి థియేటర్లకు ఇవ్వాల్సిన డబ్బును పెద్ద థియేటర్లకే ఇచ్చి, అందులో నాలుగు వేషాలు విసరడం అతని దృష్టిలో హామ్ బదులు కోడి.

విమర్శకుడు రాబర్ట్ బ్రస్టీన్ గట్టిగా ఎదురు తిరిగాడు. ఇది వేర్పాటువాదం, కళ జాతిని దాటి మనుషులందరినీ కలపాలి అన్నాడు. యేల్‌లో రిచర్డ్స్ కూర్చున్న కుర్చీలో అంతకుముందు కూర్చున్నది ఈయనే. 1997 జనవరిలో న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఇద్దరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి చర్చ పెట్టారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు.

నా ఉద్దేశంలో డబ్బు విషయంలో విల్సన్ మాటకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. అతను చూపించిన ఆ ఒక్క క్రాస్‌రోడ్స్ కూడా, జాతీయ స్థాయి పురస్కారం అందుకున్న మరుసటి ఏడాదే అప్పులతో కొంతకాలం మూతపడింది. పాత్రల విషయంలో మాత్రం అతని మాట నిలబడదనిపిస్తుంది. షేక్‌స్పియర్ పాత్రలు వేసి అన్నం తిన్న నల్లజాతి నటులకు, ఆ వేషాల్లో నిజంగానే ఎదిగినవాళ్లకు, అది అవమానమని బయటినుంచి ఎవరు చెప్పగలరు? వాళ్లలో కొందరు అప్పుడే ఈ మాట అన్నారు కూడా. తెల్ల థియేటర్లలో ఎదిగిన నువ్వు వాటిని ఎలా అంటావన్న ఎత్తిపొడుపు మాత్రం పసలేనిది. లోపలున్నవాడికే కదా ఎవరు లోపల లేరో కనిపించేది.

ఇంకో లోపం కూడా ఉంది. విల్సన్ లోకం ఎక్కువగా మగవాళ్ల లోకం. ‘జిట్నీ’లో తొమ్మిది పాత్రలుంటే ఆడమనిషి ఒక్కతే. ‘టూ ట్రెయిన్స్’లోనూ ఒక్కతే. రోజ్, బెర్నీస్ లాంటి పాత్రలు రాయగలిగినవాడు మిగతా చోట్ల స్త్రీలను అంచుకు నెట్టేయడం వెలితే.

తర్వాత

2005లో ‘రేడియో గోల్ఫ్’ యేల్‌లో ఆడింది. పది పూర్తయ్యాయి. కొన్ని వారాలకే కాలేయ క్యాన్సర్ అని తెలిసింది. తిరగరాత ఆపలేదు. అక్టోబర్ 2న సియాటిల్‌లో చనిపోయాడు. అరవై ఏళ్లు. రెండు వారాలకు బ్రాడ్‌వేలోని వర్జీనియా థియేటర్‌కు అతని పేరు పెట్టారు. నల్లజాతి వ్యక్తి పేరు పెట్టిన తొలి బ్రాడ్‌వే థియేటర్ అదే.

అతను గీసిన గీతలు అన్నీ నిలవలేదు. 2009లో ‘జో టర్నర్’ను మళ్లీ బ్రాడ్‌వే మీద ఆడించినప్పుడు దర్శకుడు బార్ట్‌లెట్ షేర్, తెల్లజాతివాడు. విల్సన్ భార్య కాన్స్టాంజా రొమేరో ఒప్పుకున్నారు. నల్లజాతి దర్శకులు చాలామంది బాధపడ్డారు, అవకాశాలు రెండువైపులా ఇలాగే సమంగా దొరికితే కదా అని అడిగారు. ఆ ప్రదర్శన చూడటానికి అప్పటి అధ్యక్షుడు ఒబామా దంపతులు వెళ్లారు. ‘ఫెన్సెస్’ సినిమా మాత్రం విల్సన్ కోరుకున్నట్టే 2016లో డెంజెల్ వాషింగ్టన్ దర్శకత్వంలో వచ్చింది. రోజ్ పాత్రకు వయోలా డేవిస్‌కు ఆస్కార్ దక్కింది. పదకొండేళ్ల కిందట చనిపోయిన విల్సన్‌కు స్క్రీన్‌ప్లే నామినేషన్ వచ్చింది. ఆ తర్వాత 2020లో ‘మా రెయినీ’, 2024లో ‘ది పియానో లెసన్’ సినిమాలుగా వచ్చాయి. మొదటిదాంట్లో లెవీగా చేసిన చాడ్విక్ బోస్మన్‌కు అదే ఆఖరి సినిమా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ‘ఫెన్సెస్’ సినిమాతో మొదలుపెట్టవచ్చు, తర్వాత ‘ది పియానో లెసన్’ నాటకం చదవాలి. ‘జో టర్నర్’ను మూడోదిగా పెట్టుకోండి. అన్నిటికంటే లోతైనది అదేనని నా అభిప్రాయం. అకారణంగా పట్టుకుపోయి ఏడేళ్లు వెట్టి చేయించుకున్నాక వదిలేస్తే, భార్యను వెతుక్కుంటూ కూతురి చేయి పట్టుకుని నడిచే హెరాల్డ్ లూమిస్ కథ. 1904 నుంచి వరుసగా చదవాలని పట్టుబట్టకండి. ‘జెమ్ ఆఫ్ ది ఓషన్’ విల్సన్ చివర్లో రాసింది, ఎస్తేర్ అత్త గురించి అప్పటికే నాలుగు మాటలు విని ఉన్నవాళ్ల కోసం రాసింది. సంభాషణలు బయటికి చదువుకుంటే ఇంకా బాగా అందుతాయి. పొడవాటి ప్రసంగాలు కాగితం మీద నెమ్మదిగా కనిపిస్తాయి కానీ, గొంతులోకి తెచ్చుకుంటే వాటి దరువు తెలుస్తుంది.